చదువుల భారము – సావధానత

మన పాఠశాలలో జదివి, పై చదువులకై కళాశాలలకును విశ్వవిద్యాలయములకును బోయిన పూర్వ విద్యార్థులు క్రిస్మసు సెలవులకు గాని సంక్రాంతి సెలవులకు గాని ఇల్లు చేరినపుడు, తమ పాత యుపాధ్యాయులను జూచిపోవుట ఇచ్చటి వాడుక. ఆరోగ్యమెట్లున్నదని యడిగినచో, "బాగుగనే యున్నది గాని, స్ట్రెస్ ఎక్కువగా నున్నదండీ" అని చెప్పువారి సంఖ్య యేటేట హెచ్చుచున్నది. దానినే వారి తల్లులు "టెన్షను" అందురు. తండ్రులలో బలువురు "అదంతయు ఈ కాలపు పిల్లల సుకుమారము" అందురు. ఈ మాటలలో దేనిని నమ్మవలెనను ప్రశ్న చిన్నది కాదు. ఏలయన, మన దేశమున 2022వ సంవత్సరమున 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణములను తామే తీసికొనిరని ప్రభుత్వము వారి నేర గణాంక సంస్థ ప్రకటించియున్నది. ఇందు బడి పిల్లలును గలరు, కళాశాలలవారును గలరు. ప్రతి మరణమునకు బరీక్షయే కారణమని మేము చెప్పము. ఒక్కొక్క జీవితమున నొక్కొక్క దుఃఖముండును. అయినను ఆ సంఖ్యను జూచిన పిమ్మట "సుకుమారము" అను మాటను మాత్రము మానుకొనవలసినదని తండ్రులకు మనవి చేయుచున్నాము.

ఇప్పుడు కళాశాలలవారు ఈ యొత్తిడికి విరుగుడుగా నొక సాధనమును జూపుచున్నారు. ఇంగ్లీషున దానిని "మైండ్‌ఫుల్‌నెస్" అందురు. తెలుగున గొందరు ఎరుక యనియు, గొందరు సావధానత యనియు వ్రాయుచున్నారు. మేము సావధానత యనియే వాడెదము. పరీక్షలకు ముందు సభామందిరమున విద్యార్థులనందరను గూర్చుండబెట్టి, కన్నులు మూయించి, ఊపిరిని గమనింపుడని చెప్పి, గంటసేపటికి వందన సమర్పణతో ముగించు సభలు పలుచోట్ల జరుగుచున్నవి. మన పాఠశాలలోను పై తరగతులకు దీనిని నిర్బంధ పాఠముగా నేర్పినచో, పిల్లలు విశ్వవిద్యాలయమునకు బోవునాటికి గట్టిపడుదురు గదా యని కొందరు తలిదండ్రులు ఈ యేడు మమ్ము అడిగిరి. ఆ ప్రశ్నకు బ్రత్యుత్తరముగా నీ వ్యాసమును వ్రాయుచున్నాము. మా యభిప్రాయమును దాచక ముందే చెప్పెదము. సావధానత మంచి సాధనము, కోరినవారికి నేర్పదగినది. అయితే బరువును దింపుటకు బదులుగా దానిని వాడరాదు. నిర్బంధముగా నేర్పుట అంతకంటెను దగదు.

ఒత్తిడి యనగా నేమో ముందు తెలిసికొందము. లోహమును వంచినపుడును సాగదీసినపుడును దానిలో గలుగు బలమును ఇంజనీర్లు "స్ట్రెస్" అనుచుండిరి. ఆ మాటను దేహమునకు వాడుటను బ్రచారములోనికి దెచ్చినవాడు హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు. చలి, గాయము, విషము మొదలగు వేర్వేరు బాధలకు ఎలుకల దేహములు ఒకే తీరున లోబడుచున్నవని ఆయన 1936లో "నేచర్" పత్రికయం దొక చిన్న లేఖ ప్రకటించెను. అంతకు ముందే హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి వాల్టర్ కానన్, భయపడిన జంతువు పోరాడుటకో పారిపోవుటకో సిద్ధపడునపుడు గుండె వేగముగా గొట్టుకొనుననియు, జీర్ణక్రియ మందగించుననియు వివరించియుండెను. పులిని జూచిన లేడికి ఇది మేలే. పులి పోయిన కొంతసేపటికి లేడి మరల మేత మేయును. మన విద్యార్థికి పులి పోదు. ఒక పరీక్ష ముగిసిన నాడే మరియొక పరీక్షా పట్టిక వచ్చును. రాత్రివేళ అది మంచము ప్రక్కనే కూర్చుండియుండును.

అట్లని ఒత్తిడి యంతయు జెడ్డది కాదు. శిక్షణ కళాశాలలో మనస్తత్త్వశాస్త్రము చదువుకొన్న వారెల్లరును యెర్క్స్, డాడ్సన్ అనువారి పేర్లు వినియుందురు. వారు 1908లో చిట్టెలుకలపై జేసిన పరిశోధనలో, కష్టమైన పనిని నేర్చునపుడు మితమైన ప్రేరణ మేలు చేసెననియు, అది మితిమీరినపుడు నేర్చుట మందగించెననియు దేలినది. తరగతి గదిలో నిలిచినవారికి ఎలుకలు చెప్పకయే ఇది తెలియును. భయమే లేని బాలుడు పుస్తకము తెరవడు. భయము నిండిన బాలుడు తెరచిన పుటనే గంటసేపు చూచుచు గూర్చుండును.

నేటి విశ్వవిద్యాలయ విద్యార్థికి ఆ రెండవ భయము ఎచ్చట నుండి వచ్చుచున్నది? ఇంజనీరింగు చదువునే చూతము, ఏలయన మన పిల్లలలో బలువు రచ్చటికే పోవుచున్నారు. ఏడాదికి రెండు సెమిస్టరులు. ఒక్కొక్క సెమిస్టరులో రెండు "మిడ్" పరీక్షలు, అసైన్‌మెంట్లు, ప్రయోగశాల రికార్డులు, మౌఖిక పరీక్ష, కడపట విశ్వవిద్యాలయపు పరీక్ష. హాజరు నూటికి 75 వంతులకు దగ్గినచో నదియొక చిక్కు. తప్పిన పాఠ్యము "బ్యాక్‌లాగ్" అను పేరుతో దరువాతి సెమిస్టరులోనికి వెంటవచ్చును. అప్పుడు క్రొత్త పాఠములతోబాటు పాతదియు జదువవలెను. నాలుగవ యేట ఉద్యోగములిచ్చు కంపెనీలు కళాశాలకు వచ్చును. బ్యాక్‌లాగ్ ఉన్నవానిని వానిలో జాలవరకు వరుసలోనే నిలువనీయవు. అనగా మొదటి యేట, ఇల్లు విడిచిన దిగులులో, గణితమున దప్పిన యొక్క పరీక్ష నాలుగవ యేటి జీతమును మ్రింగవచ్చును. ఇది పిల్లలు కల్పించుకొన్న భయము కాదు.

దీనిపైన భాష. పదవ తరగతి వరకు దెలుగున జదివి, మండలమున మొదటివాడని పూలదండ వేయించుకొన్న బాలుడు, అచ్చట డెబ్బదిమందిలో నొకడు. పాఠము తనకు అర్థము కాలేదని చెప్పుటకు గూడ వానికి ఇంగ్లీషు కావలెను. ఆ మాట రాక నోరు మూసికొనును. నోరు మూసికొన్నవానికి అర్థమైనదని అధ్యాపకుడు ముందుకు సాగును. ఆడపిల్లలకు మరియొక గడియారము గలదు: ఈ యేడు తప్పినచో జదువు చాలించి పెండ్లి చేసెదమను మాట. పరిశోధక విద్యార్థులకు బరీక్షలు తక్కువ. గాని మార్గదర్శకుని దయ, ఆలస్యముగా వచ్చు ఫెలోషిప్పు, ఎన్నడు ముగియునో తెలియని పని – వారి యొత్తిడికి గడువు తేదీ లేదు.

ఇక సావధానత మాట. దాని మూలము బౌద్ధుల "సతి". ఇది పాళీ మాట, సంస్కృతమున స్మృతి. (మన భాషలో సతి యనగా భార్య గాన, ఆ మాటను మనవారు తీసికొనకపోవుటే మేలైనది, లేనిచో కళాశాల ప్రకటనలు చదివి గృహస్థులు కంగారుపడియుందురు.) పాళీ సూత్రములను ఇంగ్లీషునకు మార్చుచు 1881లో రీస్ డేవిడ్స్ అను పండితుడు దీనికి "మైండ్‌ఫుల్‌నెస్" అను మాటను వాడెను. ఇది సీమ సరకని కొందరును, క్రొత్త పిచ్చియని కొందరును అనుకొనుచున్నారు గాని, రెండును నిజము కావు. విశాఖపట్టణము నుండి భీమునిపట్టణమునకు బోవు సముద్రపు దారిలో తొట్లకొండ, బావికొండ యను స్థలములు గలవు. క్రీస్తునకు బూర్వపు శతాబ్దముల నుండి యచ్చట భిక్షువులు వసించిరి. వారి చిన్న చిన్న గదుల పునాదులు నేటికిని గానవచ్చుచున్నవి. ఊపిరిని, దేహమును, మనస్సును గమనించు ఈ యభ్యాసము వారి నిత్యకృత్యములలోనిదే. సెమిస్టరు ముగిసిన పిమ్మట షికారుగా నా కొండలకు బోయి ఛాయాచిత్రములు తీసికొను విద్యార్థులకు ఈ సంగతి యెవరైన జెప్పిన బాగుండును.

దీనిని వైద్యశాలలోనికి దెచ్చినవాడు అమెరికా దేశస్థుడైన జాన్ కబాట్-జిన్. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో, ఏ మందునకును లొంగని దీర్ఘకాలపు నొప్పులతో బాధపడు రోగులకు ఆయన యొక శిక్షణ నేర్పరచెను. మొదటి దినమున రోగికి ఒక యెండుద్రాక్ష పండు నిచ్చి, దాని ముడుతలు చూచి, వాసన చూచి, నాలుకపై నుంచి, మెల్లగా నమలుమని చెప్పుదురు. ఒక్క ద్రాక్షకు ఇంత తతంగమా యని నవ్వు వచ్చును. కాని సెల్‌ఫోను చూచుచు హాస్టలులో భోజనము ముగించి, తిన్న కూర యేదో చెప్పలేని విద్యార్థిని దలచుకొన్నచో ఆ నవ్వు తగ్గును.

అభ్యాసము చెప్పుటకు సులభము. నిటారుగా గూర్చుండి, లోనికి వచ్చి వెలికి బోవు ఊపిరిని గమనింపవలెను. కొన్ని క్షణములలోనే మనస్సు మరియొక చోటికి బోవును. పోయినదని తెలిసినంతనే, దానిని తిట్టక, మరల ఊపిరియొద్దకు దేవలెను. మరల బోవును, మరల దేవలెను. అంతే. మనస్సును ఖాళీ చేయుట యని కొందరు చెప్పుదురు, అది తప్పు. పోయిన మనస్సు పోయినదని తెలియుటయే ఇందలి పని. తెలుగువారికి దీనిని వివరించుటకు మన యష్టావధానము కంటె మంచి యుపమానము మాకు దోచలేదు. అవధాని సమస్య పూరించుచుండగా, అప్రస్తుతప్రసంగి నడుమ నడుమ "మీ యింట నీనాడు కూర యేమి?" యన్నట్టి ప్రశ్నలు వేయుచునే యుండును. మంచి యవధాని వానిపై గోపపడడు. వానిని సభనుండి వెడలగొట్టుమని యడుగడు. చిరునవ్వుతో నొక్క మాట చెప్పి తన పద్యమునకు మరలివచ్చును. పరీక్షకు గూర్చున్న విద్యార్థి తలలోని "తప్పినచో నాన్నకేమి చెప్పుదును?" అనునది యట్టి యప్రస్తుతప్రసంగమే. ఆ ప్రశ్నను నోరు మూయింప జూచినకొలది యది బిగ్గరగా నరచును. ఒక భేదము మాత్రము గలదు: అవధానమునకు సభయు చప్పట్లును గలవు, ఇచ్చట నవి లేవు.

క్రైస్తవ కుటుంబములలోని పెద్దలు కొందరు, ఇది యన్యమతారాధన కాదా యని మమ్ము అడిగిరి. వైద్యశాలలలోను విశ్వవిద్యాలయములలోను నేర్పు తరగతులలో మంత్రము గాని విగ్రహము గాని పూజ గాని లేదు. 17వ శతాబ్దమున బారిసు నగరపు మఠములో వంటయింటి పని చేసిన బ్రదర్ లారెన్స్, పాత్రల నడుమనే దేవుని సన్నిధిని మరువకుండుట యభ్యసించెను. ఆయన మాటలు నేటికిని జదువబడుచున్నవి. అయినను ఆయనది ప్రార్థన, ఇది ప్రార్థన కాదు. రెండింటిని గలుపుట యిరువైపులకును మర్యాద గాదు. ఎవరి మనస్సాక్షికి నొప్పి కలుగునో వారిని బలవంతపెట్టరాదు. ఇంతకు మించి యీ విషయమున మాకు జెప్పవలసినది లేదు.

ఇది నిజముగా బనిచేయునా? ఇంగ్లండు దేశమున గేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జరిగిన యొక పరిశోధన 2018లో "లాన్సెట్ పబ్లిక్ హెల్త్" పత్రికలో బ్రకటింపబడెను. తామై కోరివచ్చిన 616 మంది విద్యార్థులను, చీట్లు వేసినట్లు, రెండు భాగములు చేసిరి. ఒక భాగమునకు 8 వారముల సావధానతా శిక్షణ నిచ్చిరి. రెండవ భాగమునకు విశ్వవిద్యాలయములో నెప్పుడును దొరకు సహాయము మాత్రమే యుండెను. వార్షిక పరీక్షల కాలము వచ్చినపుడు వారి మనఃస్థితిని గొలిచిరి. సహాయము పొందదగినంత మనోవేదనలో నున్నవారు శిక్షణ లేని భాగమున నూటికి 57 మంది, శిక్షణ పొందిన భాగమున నూటికి 37 మంది. ఇది చిన్న భేదము కాదు. అందును, భయము శిఖరమునకు జేరు పరీక్షల వారములలో గనబడిన భేదము. అయితే చదువరులు రెండు సంగతులు గమనింపవలెను. వారందరును దామై వచ్చినవారు. శిక్షణ పొందినవారికి ఊపిరితోబాటు, వారమువారము తమవంటి వారితో గలసి కూర్చుండు భాగ్యమును గలిగినది. మేలు దేనివలన నెంతయో విడదీసి చెప్పుట కష్టము.

మరియొక పరిశోధన ఫలితములు 2022లో వెలువడినవి. ఇదియు ఆ దేశమునదే, కాని బడిపిల్లలను గూర్చినది. 85 పాఠశాలలలో, 11 మొదలు 14 ఏండ్ల వయస్సు గల 8,000 మందికి బైబడిన పిల్లలపై జరిగినది. ఉపాధ్యాయులకే శిక్షణ నిచ్చి, వారిచేత దరగతిలోని పిల్లలకందరకును సావధానత నేర్పించిరి. తేలినదేమనగా, ఆ పాఠశాలలు మామూలుగా నేర్పు నడవడి పాఠములకంటె దీనివలన బిల్లల మనస్సునకు గలిగిన యధిక లాభమేమియు లేదు. ఇంటివద్ద అభ్యాసము చేసిన పిల్లలు మిక్కిలి తక్కువ. మాకు దీనిలో వింత గనబడలేదు. ఆకలి లేనివానికి వడ్డించిన విస్తరి యెట్లుండునో ఉపాధ్యాయులకు దెలియును. పట్టికలో నొక గంట కేటాయించి, హాజరు పలికి, "ఇప్పుడు ప్రశాంతముగా నుండుడు" అని యాజ్ఞాపించినచో, అది లెక్కల గంటకును డ్రిల్లు గంటకును నడుమ మరియొక గంట యగును. కొన్నాళ్లకు దానికిని మార్కులు పెట్టుదురు. ప్రశాంతతలో దప్పిన బాలుని తండ్రిని బిలిపించు దినము కూడ రావచ్చును. మన పాఠశాలలో నిర్బంధము వలదనుటకు మా మొదటి కారణ మిదియే.

రెండవ కారణము దీనికంటె ముఖ్యమైనది. సావధానత నేర్చినవాడు భయమును, వాస్తవమును వేరు చేసి చూడగలుగును. "నేను తప్పినచో నా బ్రదుకు ముగిసినది" అనునది యొక తలంపు మాత్రమేయని వానికి దెలియును. ఇది గొప్ప మేలు. ఒక్కొక్కచో బ్రాణము నిలుపు మేలు. కాని భయమును వేరు చేసిన పిమ్మట వాస్తవ మచ్చటనే యుండును. తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి సీటు కొన్నమాట తలంపు కాదు, అప్పు. ప్రభుత్వము చెల్లింపవలసిన ఫీజు ఆలస్యమైన యేట సర్టిఫికేటు ఇయ్యమని కళాశాలవారు నిలిపిన మాటయు తలంపు కాదు. ఢిల్లీలోని యఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులను వేరుగా జూచుచున్నారను ఫిర్యాదులపై నేర్పడిన థోరాట్ సంఘము, ఆ ఫిర్యాదులు నిజమని 2007లో నివేదించెను. హాస్టలులో దన గది తలుపుపై వ్రాసిన యవమానపు మాటను చూచిన విద్యార్థికి, "నీ ఊపిరిని గమనింపుము" అని చెప్పుట ఓదార్పు కాదు. అది రెండవ యవమానము.

అమెరికాలో రొనాల్డ్ పర్సర్ అను నాచార్యుడు, తాను బౌద్ధుడై యుండియు, 2019లో నొక పుస్తకము వ్రాసి, ఈ సాధనమును సంస్థలవారు తమ తప్పులు కప్పుకొనుటకు వాడుచున్నారని తీవ్రముగా ఖండించెను. ఆయన మాటలు కొంత మితిమీరినవని మా తలంపు. నొప్పితో నున్నవానికి ఉపశమనము దొరకినపుడు, ఇచ్చినవాని యుద్దేశమును దరువాత విచారించుకొనవచ్చును. కాని మూలమున ఆయన చెప్పినది నిజము. మోయలేని బరువు బండి కెత్తి, ఎద్దు మెడకు గంటలు కట్టినంత మాత్రమున బండి గట్టెక్కదు. ఏడాదికి నొక్కనాడు సావధానతా సభ జరిపి, తక్కిన దినములలో దప్పినవారి పేర్లు గోడకు అంటించు కళాశాల చేయుచున్న పని యదియే.

ఈ సంగతి న్యాయస్థానము దృష్టికిని వచ్చినది. 2023లో విశాఖపట్టణమున వైద్య ప్రవేశ పరీక్షకు జదువుచున్న 17 ఏండ్ల బాలిక మరణించెను. ఆ వ్యాజ్యమునందు 2025 జూలై 25వ తేదీన సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పుచు, దేశమందలి విద్యాసంస్థలన్నింటికిని గొన్ని నిబంధనలు విధించిరి. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థలోను శిక్షణ పొందిన కౌన్సెలర్ గాని మనస్తత్త్వ నిపుణుడు గాని యుండవలెను. మార్కులనుబట్టి విద్యార్థులను వేరు వేరు తరగతులుగా విడదీయరాదు, నలుగురిలో నవమానింపరాదు. బోధకులకును ఇతర యుద్యోగులకును ఏడాదికి రెండుమారులైన మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ నియ్యవలెను. ఇవి విశ్వవిద్యాలయములకును, హాస్టళ్లకును, కోచింగు కేంద్రములకును వర్తించును. కావున తలిదండ్రులారా, జూన్ నెలలో బిడ్డను గళాశాలలో జేర్పబోవునపుడు భవనముల యంతస్తులు లెక్కపెట్టుటతో నాగక, "మీ కౌన్సెలర్ ఎవరు? ఏ గదిలో గూర్చుందురు? వారమునకు ఎన్ని దినములు వత్తురు?" అని యడుగుడు. వారు సావధానతా సభల ఫోటోలు చూపినచో, చూచి, ఆ ప్రశ్ననే మరల అడుగుడు. ఫీజు కట్టువారికి ఈ మాట యడుగు నధికారము గలదు. ప్రభుత్వము కట్టు ఫీజుతో జదువువారికిని గలదు.

పై చదువులకు బోవుచున్న విద్యార్థులారా, మీకును నాలుగు మాటలు. ఊపిరిని గమనించు అభ్యాసమును బరీక్షల ముందు రాత్రి మొదలుపెట్టిన లాభము తక్కువ. ఈదుట వరద వచ్చిన నాడు నేర్చుకొనరు గదా. సెమిస్టరు తొలిదినములలోనే, రోజునకు పది నిమిషములు, ఒకే చోట, ఒకే వేళ గూర్చుండుడు. నిద్రను దెగ్గోసి యాపది నిమిషములు సంపాదింపకుడు. మీ వయస్సువారికి రాత్రికి 7 మొదలు 9 గంటల నిద్ర కావలెనని నిపుణులు చెప్పుచున్నారు. సెల్‌ఫోనులోని గొంతు చెప్పినట్లు చేయుటకంటె, తెలిసిన యొక మనుష్యుని యొద్ద నేర్చుట మేలు. కన్నులు మూసికొన్నపుడు పాత దుఃఖములు పైబడి భయము హెచ్చువారు కొందరుందురు. అట్టివారు కన్నులు తెరచి, నడచుచు, పాదములు నేలను దాకుటను గమనింపవచ్చును. అదియు బడకున్నచో మానివేయవలెను. ఇందు మార్కులు లేవు.

ఇంకొకటి. చచ్చిపోవలెనను తలంపు వచ్చినపుడు, ఒంటరిగా గూర్చుండి దానిని గమనింపకుడు. అది సావధానతకు విడువదగిన పని కాదు. వెంటనే లేచి, ప్రక్క గదివానిని లేపుడు. వార్డెనుకో, అన్నకో, మాకో ఫోను చేయుడు. అర్ధరాత్రియని సంకోచింపకుడు. ప్రభుత్వము వారు 2022 అక్టోబరు 10వ తేదీన మొదలుపెట్టిన "టెలి మానస్" అను సహాయము కలదు. 14416 అను సంఖ్యకు రాత్రింబగళ్లు ఉచితముగా మాటలాడవచ్చును, తెలుగునను మాటలాడవచ్చును. ఈ సంఖ్యను మన పాఠశాల వరండాలోని ప్రకటనల పలకపై వ్రాయించినాము. పోవునపుడు మీ పుస్తకపు టట్టపై నెక్కించుకొనుడు.

తల్లిదండ్రులు ఆదివారము సాయంకాలము హాస్టలునకు ఫోను చేసినపుడు మొట్టమొదట నడుగు ప్రశ్న "మిడ్‌లో నెన్ని వచ్చినవి?" అని పిల్లలు మాతో జెప్పుచుందురు. ఆ ప్రశ్నకు ముందు మరి రెండు ప్రశ్నలు వేయవలసినదని మా కోరిక: ఏమి తింటివి, ఎవరితో దింటివి. రెండవ ప్రశ్నకు "ఒక్కడనే" యను జవాబు వరుసగా మూడు వారములు వచ్చినచో, మార్కులు అడుగుట మాని, మరునాటి బస్సునకు బోయి చూచిరండు. అప్పును గూర్చి బిడ్డకు దెలియకుండ దాచుమని మేము చెప్పము. ఎదిగిన పిల్లలకు ఇంటి సంగతి తెలియవలెను. అయితే "నీకొరకే పొలము తాకట్టు పెట్టితిమి" అను మాటకును, "పొలము సంగతి మేము చూచుకొందుము, నీవు నీ చదువు చూచుకొమ్ము" అను మాటకును గల దూరము మీకు దెలియనిది కాదు.

ఇక మన పాఠశాల మాట. ప్రధానోపాధ్యాయులవారితో నాలోచించి యిట్లు నిశ్చయించినాము. వచ్చు జూన్ నుండి ప్రతి గురువారము సాయంకాలము, ఆఖరి గంట కొట్టిన పిమ్మట, వేపచెట్టు క్రింద పదునైదు నిమిషములు తొమ్మిది, పది తరగతుల విద్యార్థులలో గోరినవారు కూర్చుండవచ్చును. సెలవులకు వచ్చిన పూర్వ విద్యార్థులును జేరవచ్చును. హాజరు పట్టీ లేదు. రానివారిని ఎందుకు రాలేదని అడుగుట లేదు. నేర్పుటకు, ఈ శిక్షణ పొందిన యొక నర్సు నెలకు రెండుమారులు వచ్చుట కంగీకరించిరి. తరగతి గదులలో మార్కుల వరుసను గోడకు అంటించు నలవాటును కూడ జూన్ నుండియే మానుచున్నాము; ఎవరి మార్కులు వారి చేతికే ఇయ్యబడును. చాపలు ఇరువదింటికి మాత్రమే డబ్బు సమకూడినది. అంతకు మించి వచ్చినచో, ఎవరి చాప వారే తెచ్చుకొనవలెను.